ఆరో తూము కింద

పొద్దున్నే ఫోను మీద ఫోను వచ్చేసరికి జగన్నాథరాజు సగం తాగిన కాఫీ గ్లాసు అరుగు మీదే వదిలేసి బండి తీశాడు. అన్ని ఫోన్లదీ ఒకటే పాట. ఆరో తూము షట్టరు పూర్తిగా ఎత్తే ఉంది, శివారు చేలకి మాత్రం చుక్క దిగడం లేదు. రెండో పంట, దాళ్వా వరి పొట్ట మీద ఉంది. ఇప్పుడు తడి తప్పితే కంకులన్నీ తాలుపోతాయని గోగుపాలెంలో ఎవర్నడిగినా చెబుతారు. అయినా ప్రతివాళ్లూ నీటిసంఘం ప్రెసిడెంటైన ఆయనకి ఆ ముక్క కొత్తగా చెబుతున్నట్టే చెప్పారు.

ఆయనకి కాలు ఒకచోట నిలవదు. ఇంట్లో ఉంటే కాలవ మీద ఏమవుతోందోనని బెంగ, కాలవ మీద ఉంటే ఆఫీసులో ఫైలు ఎక్కడుందోనని బెంగ, ఆఫీసుకి వెళ్తే ఇంటికి ఎవరొచ్చి తిరిగిపోయారోనని బెంగ. ఆదివారం సంఘం సమావేశం అని ఖాయమైన దగ్గర్నుంచి ఈ జబ్బు మరీ ముదిరింది. రాత్రి భోజనం కూడా నిలబడే చేస్తున్నాడని భార్య రత్నమాణిక్యం ఊరంతా చెప్పుకుని నవ్వుతోంది.

బెంగ ఊరికే రాలేదు. ఆరో తూము కింద ఎగువ సగం చేలు కౌలుకి తీసుకుని చేపల చెరువులు తవ్వుతానని ఆయన మేనల్లుడు హర్ష దరఖాస్తు పెట్టాడు. శివారుకి నీళ్లు తీసుకెళ్లే పంటబోదె ఆ చేల మధ్యనుంచే పోతుంది. చెరువు గట్లు లేస్తే బోదె ఇరుకవుతుంది. చెరువులో ఊట పక్క చేలోకి దిగుతుంది. పక్క చేను చవుడు తేలాక ఆ ఆసామి కూడా విసిగిపోయి, ఇంకెందుకు ఈ వరి అని చెరువుకి ఇచ్చేస్తాడు. ఏడో తూము కింద సరిగ్గా అలాగే జరిగింది. మొదట తవ్వినవాడు ఇష్టపడి తవ్వాడు, తర్వాతవాళ్లు గతిలేక తవ్వారు. ఇప్పుడక్కడ పశువుకి వెయ్యడానికి గడ్డిపరక లేదు. ఆరో తూము అలా పోవడానికి వీల్లేదని జగన్నాథరాజు పట్టుబట్టాడు. ఆదివారం సభలో ఎక్కువమంది వద్దంటే హర్ష ఫైలు అక్కడే ఆగుతుంది. సరేనంటే, వేసవికి కాలవలు కట్టెయ్యగానే పొక్లెయిన్లు దిగుతాయి.

రోగం కల్వర్టు దగ్గర దొరికింది. గుర్రపుడెక్క ఎక్కణ్ణుంచో కొట్టుకొచ్చి గొట్టం నోట్లో బిగిసిపోయింది. సత్తిబాబు అప్పటికే మొలలోతు నీళ్లలో దిగి ఉన్నాడు. రాజుగారి చేను కౌలుకి చేసేది అతనే. వెదురుగెడ డెక్క కిందకి దూర్చి, భుజం ఆనించి పైకి లేపుతున్నాడు. లేచిన చోట అతని భార్య అమ్మణ్ణి కొడవలితో వేళ్లు కోసి, కోసిన డెక్కని చాప చుట్టినట్టు చుట్టి గట్టుమీదకి నెడుతోంది. నల్లటి వేళ్లలోంచి బురదనీళ్లు ఆమె మోచేతుల మీదుగా కారి జాకెట్లోకి దిగుతున్నాయి.

"పైనుంచి కాదు సత్తిబాబూ, కిందనుంచి పెట్టవయ్యా గెడ!" గట్టు మీద బండి స్టాండు వేస్తూనే కేకేశాడు జగన్నాథరాజు.

"ఆయ్, అలాగేనండి," అన్నాడు సత్తిబాబు. గెడ అంతకుముందు నుంచీ కిందే ఉంది.

రాజుగారిళ్లల్లో చిన్నపిల్లలతో కూడా మీరు అనే మాట్లాడతారు. తిట్టినా అండీ కలిపే తిడతారు. ఆ మర్యాద సత్తిబాబు దాకా రాదు. రావాలని జగన్నాథరాజుకి ఎప్పుడూ తోచలేదు, సత్తిబాబుకీ తోచినట్టు లేదు.

చివరికి డెక్క ఒక్కసారిగా కదిలింది. గొట్టం గుటకలు వేస్తూ నీళ్లు లాగింది. ఎర్రటి నీళ్లు బోదెలో పరుగెత్తుతుంటే జగన్నాథరాజుకి కూడా వాటితో పాటు పరుగెత్తాలనిపించింది. గట్టు వెంట కొంతదూరం నడిచి, చెప్పులకి బురద అంటుకుంటోందని ఆగాడు. తిరిగొచ్చేసరికి సత్తిబాబు తుమ్మకొమ్మకి తగిలించిన చొక్కా తీసి, ముందు జేబు తడిమి చూసుకుంటున్నాడు. జేబులోంచి ప్లాస్టిక్ కవరు తల బయటికి కనిపిస్తోంది.

"రాజుగారండీ, మరి ఆ కార్డు సంగతండి..."

"ఏం కార్డు?"

"కౌలు కార్డండి. మళ్లీ గడువు అయిపోద్దంటున్నారు. ఇక్కడొక్కచోట మీ సంతకం పడితే చాలంటండి. పొలం మీద మాకేం హక్కు రాదని సచివాలయంలో రాసి మరీ ఇస్తారంట. బేంకులో అప్పు, పంట పోతే పరిహారం, అంతవరకేనండి."

జగన్నాథరాజు ఫోను వంక చూసుకున్నాడు. ఆ క్షణానికి అది మోగడం లేదు. "ముందు ఆదివారం గండం గడవనీవయ్యా. చెరువులొచ్చేశాక నీ కార్డేం చేసుకుంటావు?"

"నిజమేననుకోండి," అన్నాడు సత్తిబాబు.

"ప్రతి ఏడూ ఏదో గండం ఉంటూనే ఉంటాది," అంది అమ్మణ్ణి. చెప్పింది మాత్రం చేతిలో ఉన్న డెక్కకి. జగన్నాథరాజు వినపడనట్టే ఉన్నాడు.

సత్తిబాబు చొక్కా తొడుక్కుంటూ మాట మార్చాడు. "ఆదివారం మేమంతా వస్తామండి. ఈ తూము కింద చేలు చేసేవోళ్లం ఒక్కళ్లం కూడా ఇంటికాడ ఉండం. చెరువులొస్తే మేమేం తవ్వుకు తినాలండి?"

"అదీ మాట!" అన్నాడు జగన్నాథరాజు. ఆ పొద్దుటినుంచీ ఆయనకి దక్కిన మంచిమాట అదొక్కటే. ఆ ఉత్సాహంతోనే బండెక్కాడు.

* * *

మధ్యాహ్నం హర్ష వచ్చాడు. అత్తయ్యకని ఆత్రేయపురం పూతరేకుల పెట్టె, వాళ్ల పాత చెరువులో పట్టిన బొచ్చె చేప తెచ్చాడు. చేప అప్పటికప్పుడు పులుసైంది. రత్నమాణిక్యం ఇద్దరికీ వడ్డిస్తూ భర్త వంక చూసింది.

"చెరువులొద్దంటారు. చెరువు చేప ముక్కలు మాత్రం ఏరుకుని తింటారు."

"చేప ఏం చేసిందండీ, తప్పంతా చెరువుది," అన్నాడు జగన్నాథరాజు. హర్ష నవ్వాడు. ఇంజనీరింగు చదివి, ఎక్కడికీ పోకుండా ఇక్కడే చెరువులు పెట్టి నిలదొక్కుకున్న కుర్రాడు. మాట నెమ్మది. పోట్లాడదామంటే దొరకడు. అదే జగన్నాథరాజుకి అతని మీద ఉన్న అసలు కోపం.

"మావయ్యగారూ, కోపం తెచ్చుకోకుండా వినండి. బోదె పక్కనుంచి తిప్పి వేయిస్తాను. ఊట పక్క చేలోకి దిగకుండా చుట్టూ ఊటబోదె తవ్విస్తాను. రూలు ప్రకారమే చేస్తానండి."

"ఏడో తూము వాళ్లు కూడా అలాగే అన్నారండి. ఊటబోదె తవ్వారు. రెండో వేసవికి దాన్నీ చెరువులో కలిపేసుకున్నారు. మీరు కలపరు, సరే. మీ తర్వాత వచ్చేవాళ్లో?"

"ఆసాములకి వరి మీద ఏం మిగులుతోందండి? ఇచ్చేస్తామని వాళ్లే నా వెంట పడుతున్నారు."

"ఆసాములకి మిగలకపోతే ఊరు అన్నం మానేస్తుందాండి? ఒకసారి తవ్విన మన్ను మళ్లీ చేను కాదు హర్షా. మీరు దాన్ని పూడ్చినా అది వరి మర్చిపోతుంది." గొంతు పెరిగింది. తింటున్నవాడు లేచి నిలబడ్డాడు. రత్నమాణిక్యం పులుసు గిన్నె పక్కకి జరిపింది.

హర్ష కంచంలో వేలు తిప్పుతూ అడిగాడు. "ఆరో తూము కింద సొంతంగా వ్యవసాయం చేసే ఆసామి ఒక్కరి పేరు చెప్పండి."

"ఎందుకు, నేను లేనా?"

"మీ చేను సత్తిబాబు కదండి చేసేది."

జగన్నాథరాజు మళ్లీ కూర్చున్నాడు. ముల్లు ఏరడంలో పడ్డట్టు తలొంచుకున్నాడు.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో చెప్పులేసుకుంటూ అన్నాడు హర్ష. "ఆదివారం చేతులు లెక్కపెడతారు మావయ్యగారూ. ఎవరెవరి చేతులో చూసుకోండి." అందులో బెదిరింపేమీ లేదు. నిజానికి చిన్నప్పుడు ఈయన దగ్గరే చదరంగం నేర్చుకున్న కుర్రాడు, ఆటకి ముందు పెద్దాయనకి ఒక ఎత్తు చెప్పి వెళ్లాడంతే. జగన్నాథరాజు దాన్ని వేరేలా తీసుకున్నాడు. ఆసాములందర్నీ హర్ష చుట్టబెట్టేస్తున్నాడని, తను కూడా ఇంటింటికీ తిరగాలని అర్థమైంది ఆయనకి.

"పాపం సత్తిబాబు నిన్న పెరట్లోకి కూడా వచ్చాడు," అంది రత్నమాణిక్యం కంచాలు తీస్తూ. "ఆ సంతకమేదో పెట్టేస్తే పోయేదిగా? మూడేళ్లుగా తిప్పుతున్నారు."

"మీకు తెలీదండి. కాగితం మీద పేరు ఎక్కనిస్తే దించడం కష్టమని లాయరుగారు మరీ మరీ చెప్పారు."

"సత్తిబాబు మీ పొలం ఎత్తుకుపోతాడా?"

"సత్తిబాబు సంగతి కాదు. పద్ధతి సంగతి," అన్నాడు జగన్నాథరాజు, తాళంచెవి కోసం వెతుక్కుంటూ.

* * *

మర్నాడు భీమవరం. బట్టలకొట్టు జయంత్ వాళ్ల తాతగారు ఎప్పుడో ఆరో తూము కింద పొలం కొన్నారు. జయంత్‌కి మాత్రం అది బీరువాలో ఉన్న వస్తువే. జగన్నాథరాజు వెళ్లేసరికి కొట్లో పెళ్లివాళ్లు పరుపుల మీద కూర్చుని చీరల గుట్టలు విప్పిస్తున్నారు. జయంత్ ఒక పక్క వాళ్లకి సమాధానం చెబుతూ, ఇంకో పక్క రాజుగారికి కూల్‌డ్రింకు తెప్పించాడు.

"మీలాంటి పెద్దలు ఇంతదూరం వచ్చారంటే... చెప్పండి రాజుగారూ."

జగన్నాథరాజు చెప్పాడు. బోదె గురించి, ఊట గురించి, ఏడో తూము గురించి చెప్పాడు. చీరల మీద వేలితో గీసి మరీ చూపించాడు. జయంత్ శ్రద్ధగా విన్నాడు.

"అయితే రాజుగారూ, మా చేను బోదెకి ఇటువైపాండి, అటువైపాండి?"

జగన్నాథరాజుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఇటువైపేనండి. శివారు. మా చేను పక్కనే."

"అలాగాండి! మరైతే మనం ఇరుగుపొరుగన్నమాట." జయంత్ నిజంగానే సంతోషించాడు. "చూద్దామండి. హర్షగారు కూడా వచ్చి వెళ్లారు. ఆయన కూడా బాగానే చెప్పారు. అన్నట్టు, మా పొలం చేసే ఆవిడ, చిట్టెమ్మని, కార్డు మీద సంతకం కావాలని ఫోన్లు చేయిస్తోందండి. మీరేం చేశారండి ఆ విషయంలో?"

"పెట్టకండి," అన్నాడు జగన్నాథరాజు వెంటనే. ఆ ఒక్క విషయంలో ఆయనకి తడబాటు లేదు. "నేనైతే పెట్టలేదు. రేపు పొలం అమ్ముకోవాలన్నా, ఏం చెయ్యాలన్నా అదో తగువు. కౌలు మాట మీద నడిచినన్నాళ్లూ ఎవరికీ నష్టం లేదు. మా లాయరుగారి మాట ఇది."

"మీరు చెబితే ఇంకేముందండి," అన్నాడు జయంత్. ఆ తర్వాత పెళ్లివాళ్ల వైపు తిరిగాడు.

ఆ రోజంతా అలాగే గడిచింది. ఒకాయన డాక్టరు, టోకెన్ల వరస అయ్యేదాకా కూర్చోబెట్టాడు. ఒకాయన కాకినాడలో ఉద్యోగం, ఫోనులో "మీ ఇష్టమేనండి, మా బావగారి ఇష్టం కూడా చూడాలండి" అన్నాడు. ఒకావిడ తలుపు సగమే తీసి, మావారు లేరంది. లోపల ఆయన దగ్గు వినిపిస్తూనే ఉంది. తన పొలం కాపాడండని ఇంతమందిని బతిమాలుకోవలసి రావడం ఏమిటో జగన్నాథరాజుకి అర్థం కాలేదు. ఒకర్ని బతిమాలడమంటే ఆయనకి మహా విసుగు. అయినా ఇంకో ఇంటికి వెళ్లాడు.

సాయంత్రం ఇంటికి పోకుండా తిన్నగా చేను దగ్గరికి వెళ్లాడు. మడిలో నీళ్లు నిలిచాయి. అమ్మణ్ణి పాదాలు చీలమండలదాకా దిగబడుతుంటే వంగి, వేరే రకం బెరుకు మొక్కల్ని ఏరి పీకుతోంది. పీకినవాటిని ఎడమ చంకలో పెట్టుకుని, చంక నిండగానే గట్టుమీదకి విసురుతోంది. ఒక్క మొక్క కూడా తప్పిపోలేదు. అన్నీ ఒకేలా ఉన్న ఆ పచ్చదనంలో ఏది బెరుకో జగన్నాథరాజుకి గట్టు మీదనుంచి కనిపించలేదు.

"రాజుగారండీ," అంది ఆమె నడుం ఎత్తకుండానే. "ఆదివారం మమ్మల్ని కూడా మాట్లాడనిస్తారాండి?"

"మాట్లాడ్డం నేను చూసుకుంటానమ్మా. మీరంతా వచ్చి చెయ్యెత్తండి, చాలు."

"చెయ్యేగా. ఎత్తుతామండి," అంది అమ్మణ్ణి.

గట్టు మీద నిలబడి ఆయన లెక్క వేసుకున్నాడు. ఆసాముల్లో అటూ ఇటూ ఊగేవాళ్లు ఊగనీ. చేలు చేసేవాళ్లంతా తన వెనక ఉన్నారు. ఊరికి ఊరే ఉంది. ఆ రాత్రి కూర్చునే అన్నం తిన్నాడని రత్నమాణిక్యం ఆశ్చర్యపోయింది.

* * *

ఆదివారం సొసైటీ గోడౌను ముందు షామియానా వేశారు. కుర్చీలు ఆసాములకి. భీమవరం నుంచి, తణుకు నుంచి కార్లు వచ్చి గోడౌను పక్కన వరసగా ఆగాయి. చాలామంది ఒకరినొకరు పలకరించుకుని, ఇంతకీ తూము ఎటువైపని అడిగి తెలుసుకున్నారు. కౌలు చేసేవాళ్లు షామియానా దాటి ఎండలో, బస్తాలు దించే అరుగు వెంట నిలబడ్డారు. కుర్చీలు ఖాళీగా ఉన్నా వాళ్లెవరూ వచ్చి కూర్చోలేదు. రమ్మని ఎవరూ అనలేదు కూడా. సత్తిబాబు ఉతికిన చొక్కా వేసుకున్నాడు. అమ్మణ్ణి చిట్టెమ్మ పక్కన నిలబడి కొంగు తలమీద కప్పుకుంది.

ఇరిగేషన్ ఏఈ శ్రీదుర్గ చిన్నవయసు అమ్మాయి. బల్ల వెనక కూర్చుని, అభిప్రాయాలు విని చేతులు లెక్కపెట్టి పై ఆఫీసుకి పంపడమే తన పని అని ముందే చెప్పింది.

జగన్నాథరాజు మాట్లాడాడు. బాగా మాట్లాడాడు. ఇన్నాళ్లు బండిమీద తిరుగుతూ తనలో తను అనుకున్న మాటలన్నీ వరసగా వచ్చాయి. "ఈ పొలం మనది అనుకుంటున్నాం. మనం దీనికి కొన్నాళ్లు కాపలా ఉన్నామంతేనండి. అన్నం పెట్టే మన్నుని గొయ్యి చేసి పోయామని రేపు ఎవరూ అనకూడదు," అన్నప్పుడు ఎండలో ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆయన కళ్లు నిజంగానే చెమర్చాయి. హర్ష నాలుగు మాటలే మాట్లాడాడు. ఎవరి పొలం మీద నిర్ణయం వాళ్లదని, పెద్దలంటే తనకి గౌరవమని చెప్పి కూర్చున్నాడు.

"చెరువులు వద్దనేవాళ్లు చెయ్యెత్తండి," అంది శ్రీదుర్గ.

కుర్చీల్లో కొన్ని చేతులు లేచాయి. జగన్నాథరాజు వాటిని పట్టించుకోలేదు. ఆయన చూపు ఎండవైపు ఉంది. అక్కడ అరుగు వెంట అన్ని చేతులూ లేచాయి. కాయలు కాసినవి, గోళ్లలో బురద దిగిపోయినవి, గాజులున్నవి, లేనివి. సత్తిబాబు చెయ్యి అందరికంటే పైన ఉంది. అన్ని చేతులూ తన మాటకి లేచాయి. బతుకులో అంత నిండుగా ఆయనకి ఎప్పుడూ అనిపించలేదు.

శ్రీదుర్గ కలంతో గాల్లో ఒక్కో చెయ్యీ లెక్కపెట్టుకుంటూ వచ్చి, కుర్చీలు అయిపోగానే ఆగింది.

"మేడమ్, అటు కూడా చూడండి," అన్నాడు జగన్నాథరాజు.

"వాళ్లు సభ్యులాండి?"

"చేలు చేసేది వాళ్లేనండి!"

"నేను కాదనట్లేదు సార్. సభ్యుల జాబితాలో భూమి ఉన్నవాళ్ల పేర్లుంటాయి. కౌలు కార్డు ఉంటే వాళ్ల పేరు కూడా ఎక్కుతుంది, వాళ్ల చెయ్యి కూడా లెక్కే. కానీ ఈ తూము కింద ఒక్క కార్డు కూడా లేదండి."

"ఒక్కటి కూడా లేకపోవడమేంటండీ?" అనేశాడు జగన్నాథరాజు, ఎవరిదో తప్పు పట్టుకున్నట్టు. మాట నోరు దాటాక గానీ అది ఎటు తిరిగి వస్తుందో తెలియలేదు.

హర్ష కుర్చీలోంచి వెనక్కి తిరిగాడు. "ఏం సత్తిబాబూ, నువ్వు కూడా కార్డు పెట్టుకోలేదా?"

అందరి తలలూ తిరిగాయి. సత్తిబాబు చెయ్యి ఇంకా పైనే ఉంది. మెల్లగా దించాడు. దించిన చెయ్యి జేబు మీదకి వెళ్లి అక్కడ ఆగింది. ఒకసారి రాజుగారి వంక చూశాడు. తర్వాత నేల చూశాడు.

"నేనే అడగలేదండి," అన్నాడు. "ఆ కాగితాల గొడవలు నాకు తెలీవండి."

అమ్మణ్ణి చటుక్కున మొగుడి వైపు తిరిగింది. ఏదో అనబోయింది. చిట్టెమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుంది.

అడిగాడని, మూడేళ్లుగా అడుగుతూనే ఉన్నాడని చెప్పడానికి ఎంతసేపు? జగన్నాథరాజు నోట్లో ఆ మాట ఉంది. కుర్చీల్లో జయంత్ ఉన్నాడు, డాక్టరుగారున్నారు, వియ్యాలవారి తరపువాళ్లున్నారు. ఇంతసేపూ మన్ను గురించి మాట్లాడిన నోటితో ఇంతమంది ముందు ఆ ఒక్కమాట అనాలి. అది రాలేదు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి, అయినా రాలేదు.

శ్రీదుర్గ ఎదురు చూసింది. "సార్?"

"కానివ్వండి మేడమ్," అన్నాడు.

చెరువులకి సరేననేవాళ్లు చెయ్యెత్తినప్పుడు కుర్చీల్లో సగానికి పైగా చేతులు లేచాయి. జయంత్ ఒకసారి రాజుగారివైపు చూసి, బస్సు ఆపమని అడిగేవాడిలా చెయ్యి సగమే ఎత్తాడు. సగం చెయ్యి కూడా లెక్కలోకి వచ్చింది.

ఎండలో ఉన్నవాళ్లు కదిలారు. హర్ష దగ్గరికొచ్చి, "నీళ్లకి ఇబ్బంది రానివ్వనండి మావయ్యగారూ, నా మాట," అన్నాడు. జగన్నాథరాజు, "సరేనండి," అన్నాడు. సత్తిబాబు కోసం చూశాడు. అతను అప్పటికే రోడ్డెక్కేశాడు. అమ్మణ్ణి అతనికి చాలా ముందుగా, వెనక్కి తిరిగి చూడకుండా నడుస్తోంది.

* * *

మర్నాడు పొద్దున్నే ఎవరూ ఫోను చెయ్యలేదు. జగన్నాథరాజు కాఫీ పూర్తిగా తాగాడు. చొక్కా జేబులో పెన్ను ఉందో లేదో చూసుకుని చేనుకి వెళ్లాడు.

ఎండ్రకాయలు బొరియ పెట్టి గట్టులోంచి నీళ్లు పోతున్నాయి. సత్తిబాబు మోకాళ్ల మీద కూర్చుని గడ్డి ముద్దచేసి బొరియలో కూరుతున్నాడు. పైన అడుసు తీసి చరిచి, అరచేత్తో నున్నగా పూస్తున్నాడు. రాజుగార్ని చూసి లేవబోయాడు.

"ఉండవయ్యా, ఉండు." జగన్నాథరాజు బండి స్టాండు వేశాడు. "నిన్న అంతమందిలో అబద్ధం ఎందుకు చెప్పావు సత్తిబాబూ?"

సత్తిబాబు అడుసు చేత్తోనే నుదురు తుడుచుకున్నాడు. "అంతమందిలో మిమ్మల్ని ఎలా అంటామండి?"

ఫిర్యాదేమీ లేదు ఆ గొంతులో. అది ఉంటే బాగుండుననిపించింది జగన్నాథరాజుకి. తిట్టి ఉంటే సమాధానం చెప్పుకునేవాడు.

"ఆ కాగితం ఉందా?"

సత్తిబాబు బోదెలో చేతులు కడుక్కుని, లుంగీకి తుడుచుకుని, పుల్లకి తగిలించిన చొక్కా దగ్గరికి వెళ్లాడు. నిన్నటి ఉతికిన చొక్కాయే. జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు.

"నిన్న ఇది నీ జేబులోనే ఉందా?"

"ఉందండి. మీటింగు అయిపోయాక, మీరు సంతోషంగా ఉంటారు కదా, అప్పుడు అడుగుదామనుకున్నానండి."

జగన్నాథరాజు మొహం పక్కకి తిప్పుకున్నాడు. బండి సీటు మీద కాగితం పరిచాడు. చెమటకి, చెమ్మకి అది గుడ్డలా మెత్తబడిపోయింది. పెన్ను రెండుసార్లు జారింది. చివరికి సంతకం పడింది, అదేమంత కష్టమైన పనిగా అనిపించలేదు. అందుకే ఇంకా బాధగా ఉంది.

అమ్మణ్ణి ఎప్పుడొచ్చిందో, అవతలి గట్టు మీద నిలబడి చూస్తోంది.

"చెరువులొచ్చేశాక కార్డేం చేసుకుంటామండి?" అంది. వెటకారం లేదు. నిజంగానే అడిగింది. అది తన మాటేనని ఆయనకి గుర్తొచ్చింది.

"ఎగువ సగమే కదమ్మా పోయింది," అన్నాడు. "శివారు ఇంకా ఉంది. రేపో మాపో దీనికి కూడా దరఖాస్తు వస్తుంది. అప్పటికి మీ చేతులు లెక్కలోకి రావాలి."

"మా ఒక్క చెయ్యేనాండి?" అమ్మణ్ణి పక్క చేను వైపు చూపించింది. "అది చిట్టెమ్మ చేస్తాది. దాని కాగితం కూడా ఇలాగే గూట్లో ఉంది. ఆ పైది మా పెదమావగారు చేస్తారు. ఆయనదీ అంతే. మొన్న ఆసాములందరి చుట్టూ తిరిగొచ్చారంట కదండి, చెయ్యెత్తమని. ఇంకోసారి తిరగండి."

సత్తిబాబు కంగారుపడ్డాడు. "ఊరుకోవే. రాజుగారితో అలాగేనా మాట్లాడ్డం?"

"అననివ్వండి సత్తిబాబు గారూ," అన్నాడు జగన్నాథరాజు. ఆ గారూ ఎలా వచ్చిందో ఆయనకే తెలియలేదు. సత్తిబాబు ఇంకా కంగారుపడి, కాగితం కవర్లో పెట్టుకుని, మళ్లీ గట్టు దగ్గర కూర్చున్నాడు. బొరియ నుంచి నీళ్లు ఇంకా సన్నగా కారుతున్నాయి.

జగన్నాథరాజు బండి తిప్పాడు. కొట్టు తెరిచేసరికి భీమవరంలో ఉంటే జయంత్ దొరుకుతాడు. బేరాలు మొదలయ్యాక మాట్లాడనివ్వడు. బోదె గట్టు మీద గోతుల్లో పడుతూ లేస్తూ, అతన్ని ఏమని అడగాలో వరస పెట్టుకోబోయాడు. ఒక్క మాట కూడా తోచలేదు. జయంత్ కుదరదంటూ ఏమేం చెబుతాడో మాత్రం మొదట్నుంచి చివరిదాకా తెలుసు. అవన్నీ తను నేర్పినవే.